హిల్లా నేర్చుకున్న ఎనిమిది మాటలు

మార్చి మూడో వారంలో ఇర్యా కెంప్పైనెన్ తన నీలం సంచీ భుజాన తగిలించుకుని మోయిలనెన్ వాళ్ళింటి మెట్లెక్కింది. సరస్సు మీద మంచు ఇంకా గట్టిగానే ఉంది. వాకిట్లో కుప్పగా తోసిన మంచు మాత్రం పైపైన మురికిపట్టి, అడుగున నీరు కారుతోంది. తలుపు తట్టక ముందే యౌని వచ్చి తీశాడు. అతను అడవిలో చెట్లు నరికే యంత్రం నడుపుతాడు. ఆ రోజు సెలవు పెట్టుకున్నాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. ఏడేళ్ళుగా వస్తోంది ఇర్యా, అతన్ని ఆ ఇంట్లో ఇస్త్రీ చొక్కాతో ఎప్పుడూ చూడలేదు.

"రా రా ఇర్యా, బూట్లు అక్కడే వదిలెయ్. హిల్లా పొద్దున్నించీ నీకోసమే కాచుకుని కూర్చుంది."

"నిజంగానా?"

"ఏం, నమ్మవా? ఇవాళ నీ పరీక్షలన్నీ దంచేస్తుంది, చూస్తుండు."

ఇర్యా వంగి బూట్లు విప్పింది. ఆమె పని పిల్లల్ని అంచనా కట్టడం. ఆ చుట్టుపక్కల మూడు ఊళ్ళలో మాట రాని పిల్లలు, మాట వచ్చినా అడగడం రాని పిల్లలు, గుండీ పెట్టుకోలేని పిల్లలు, రెండు చెంచాల్లో పెద్దదేదో చెప్పలేని పిల్లలు ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె ఎదురుగా కూర్చుంటూ వచ్చారు. ఆమె దగ్గర ఒక పెద్ద ఫారం ఉంటుంది. మాటకు సంబంధించినవి కొన్ని వరసలు, నేర్చుకోవడానికి సంబంధించినవి కొన్ని, తిండీ బట్టా స్నానమూ లాంటి రోజువారీ పనులవి కొన్ని. వచ్చిన పనికల్లా ఒక గడి రంగు పెన్సిల్‌తో నింపాలి. ఆరు నెలలకోసారి రంగు మారుస్తారు. ఏ రంగు ఎంత దూరం పాకిందో చూస్తే పిల్ల ఎంత ముందుకొచ్చిందో తెలుస్తుంది. తల్లిదండ్రులకు ఆ కాగితమంటే ప్రాణం. కొందరు దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించుకుంటారు.

హిల్లా ఫారం మాత్రం ఆరేళ్ళ వయసులో మొదలై, ఎనిమిదేళ్ళ దాకా పాకి, అక్కణ్ణించి వెనక్కి నడిచింది. పదమూడేళ్ళ హిల్లాకి ఇప్పుడు చూపు లేదు. మెదడు కణాల్లోంచి కొట్టుకుపోవలసిన మడ్డి కొట్టుకుపోకుండా పేరుకుపోయే జబ్బు. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వచ్చింది, ఇద్దరిలో ఎవరికీ ఏ లక్షణమూ లేకుండా. ముందు కళ్ళు పోతాయి. తర్వాత నేర్చుకున్నవి ఒక్కొక్కటే పోతాయి. పోయిన పని రాసుకోవడానికి ఫారంలో చోటు లేదు. ఆ గడి ఖాళీగా వదిలేయడమే.

వంటింటి బల్ల దగ్గర హిల్లా కూర్చుని ఉంది. జుట్టు రెండు జడలుగా అల్లి ఉంది. అల్లింది తండ్రేనని చూడగానే తెలుస్తోంది, ఒకటి చెవి మీదా ఒకటి మెడ మీదా ఉన్నాయి.

"ఎవ-ఎవ-ఎవరూ?" అంది హిల్లా.

"నేనే, ఇర్యాని."

"కార్డులత్త."

"అవునమ్మా, కార్డులత్తనే." చూపున్న రోజుల్లో ఇర్యా అక్షరాల కార్డులు చూపించేది, ఆ పేరు అలాగే నిలిచిపోయింది.

"కార్డులత్త. కార్డులత్త. కార్డులత్త." ఇలా ఒక మాట పట్టుకుంటే వదలకపోవడం కూడా ఆ జబ్బు తెచ్చిందే. యౌని ఆమె భుజం మీద చెయ్యి వేసేదాకా అలా అంటూనే ఉంది.

రోజువారీ పనులతో మొదలుపెట్టింది ఇర్యా. మేజోళ్ళు తొడుక్కోవడం: శరదృతువులో ఒంటరిగా తొడుక్కుంది, ఇప్పుడు మడమ దగ్గర ఆగిపోయి, ఏం చేస్తున్నదో మరిచిపోయి, మేజోడు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కోటు జిప్పు: కాలేదు. రై గింజల రొట్టె మీద వెన్న రాయడం: కత్తి చేతికిస్తే రాసింది, రొట్టె అయిపోయాక బల్ల మీద కూడా రాసింది. యౌని పక్కనే నిలబడి ప్రతిదానికీ ఏదో ఒకటి అంటున్నాడు. "నిన్న తొడుక్కుంది. నిన్న రెండు కాళ్ళకీ తొడుక్కుంది ఇర్యా, మెర్వీని అడుగు కావాలంటే." మెర్వి హిల్లా తల్లి. ఊళ్ళోని వృద్ధుల ఆశ్రమంలో నర్సు. ఆ పూట డ్యూటీలో ఉంది.

"యౌనీ, కాస్త కూర్చో."

"కూర్చుంటా కూర్చుంటా. వస్తువులు ఎప్పుడు?"

అతను ఎందుకంత ఆత్రపడుతున్నాడో ఇర్యాకి తెలుసు. మే నెలలో మునిసిపాలిటీ వాళ్ళు కూర్చుని హిల్లా సంగతి తేల్చాలి. ఊరి బడిలోని చిన్న తరగతిలో ఉండాలంటే పిల్ల ఏదో ఒకటి కొత్తగా నేర్చుకుంటున్నట్టు కాగితం మీద కనపడాలి. లేకపోతే తొంభై కిలోమీటర్ల అవతల ఉన్న సంరక్షణ కేంద్రానికి రోజూ టాక్సీలో పంపుతారు. అక్కడ బడి లేదు. శుభ్రంగా చూసుకుంటారు, అంతే.

ఇర్యా సంచీలోంచి గుడ్డ తిత్తి తీసింది. అందులో ఎనిమిది వస్తువులుంటాయి. చూపు లేని పిల్లలకి ఒక్కోటి చేతికిచ్చి పేరు అడగాలి. పోయినసారి హిల్లా మూడే చెప్పింది.

"ఇదేంటమ్మా?"

హిల్లా రెండు చేతులతో పట్టుకుంది. "కప్పు."

"ఇది?"

"దువ్వెన."

"ఇది?"

"తాళంచెవి." ఆగకుండా, తడబడకుండా. ఆపైన చెంచా, మేజోడు, సబ్బు, బంతి, గంట. ఎనిమిదికి ఎనిమిది. యౌని బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. ముఖం కందిపోయింది.

"చూశావా? చెప్పలా నీకు? ఎనిమిదీ!"

ఇర్యాకి ఒక్కసారి ఆశ కలిగింది. ఈ జబ్బులో అలా జరగదని ఆమెకు తెలుసు, అయినా కలిగింది. పెన్సిల్ తీసి, గడి మీద ఆనించి, ఆగింది. పోయిన శరదృతువులో వస్తువులు ఏ వరసలో తీసిందో గుర్తొచ్చింది. ఎప్పుడూ అదే వరసలో తీస్తుంది. చేతికి అలవాటైపోయింది. ఎదురుగా కూర్చుని ఏడేళ్ళుగా చూస్తున్న తండ్రికీ అలవాటైపోయి ఉంటుంది.

ఆమె వస్తువులన్నీ తిత్తిలో వేసి, కలిపి, సబ్బు తీసింది.

"ఇదేంటమ్మా?"

హిల్లా సబ్బుని రెండు చేతులతో పట్టుకుంది. వాసన కూడా చూసింది. "కప్పు," అంది.

బంతి ఇచ్చింది. "దువ్వెన."

చెంచా ఇచ్చింది. "తాళంచెవి," అని, మెప్పు కోసం ముఖం తండ్రి వైపు తిప్పింది. అతను ఎక్కడున్నాడో ఊపిరిని బట్టి కనిపెడుతుంది.

యౌని బల్ల వదిలేశాడు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. వెనక బల్ల దగ్గర హిల్లా మిగిలినవి కూడా వరసగా అప్పజెప్పేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఎప్పట్నించి నేర్పుతున్నావు?" అని అడిగింది ఇర్యా.

"జనవరి నించీ. రోజూ రెండు పూటలా."

"యౌనీ..."

"ఏం, తప్పా?" అతను వెనక్కి తిరిగాడు. "నువ్వు చెప్పిందే కదా చేశాను? రోజూ సాధన చేయించమన్నావు. ఏడేళ్ళ కిందటి రిపోర్టులో, నీ చేతిరాతే. 'పాప చురుకైనదే, శ్రద్ధ తక్కువ. రోజూ సాయంత్రం అరగంట సాధన చేయిస్తే క్రిస్మస్ నాటికి చదవడం వస్తుంది.' గుర్తుందా? నాకు అక్షరం అక్షరం గుర్తుంది."

ఇర్యాకి గుర్తుంది. అప్పుడు హిల్లాకి ఆరేళ్ళు. కార్డు మీది అక్షరం చూపిస్తే పిల్ల ముఖం పక్కకి తిప్పి, ఓరగా చూసేది. ఇర్యా దాన్ని అశ్రద్ధ అనుకుంది. కళ్ళ మధ్యలో చూపు పోతే పిల్లలు పక్క చూపుతో చూస్తారని ఆమె చదువుకుంది. చదువుకునే ఉంది. ఆ రోజు ఎందుకో తట్టలేదు. బయట ఇంకో ముగ్గురు పిల్లలు వరసలో ఉన్నారు. అలాంటి జబ్బు అప్పటిదాకా ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.

"అరగంట అన్నావు. నేను గంట కూర్చోబెట్టాను," అన్నాడు యౌని. "ఇక్కడే, ఈ బల్ల దగ్గరే. అడవి నించి రావడం, చేతులు కడుక్కోవడం, అక్షరాలు ముందు పెట్టడం. రెండేళ్ళు. ఓ రోజు దాని గడ్డం పట్టుకుని ముఖం ఇటు తిప్పి అరిచాను. 'కళ్ళు తెరిచి చూడవే, మొద్దూ, ఎదురుగానే ఉంది కదా!' అని. తెరిచే ఉన్నాయి ఇర్యా కళ్ళు. బాగా తెరిచి ఉన్నాయి."

ఇర్యా క్షమించమని అడుగుదామనుకుంది. డాక్టర్లు జబ్బు పేరు చెప్పిన రోజే అడగాల్సింది. ఆ రోజు ఆమె ఆఫీసులో కూర్చుని పాత రిపోర్టు మళ్ళీ చదివి, ఫైలులో పెట్టేసింది. ఆ తర్వాత ప్రతిసారీ ఈ ఇంటికి వచ్చి కాఫీ తాగి వెళ్ళింది. ఇప్పుడు నోరు తెరిస్తే వచ్చిన మాట, "ఆ రోజు నేను సరిగ్గా చూడలేదు," అని.

"తెలుసు," అన్నాడు యౌని. "డాక్టర్లూ చూళ్ళేదు. బడిలో వాళ్ళూ చూళ్ళేదు. నేనూ చూళ్ళేదు. ఇప్పుడది కాదు. ఈ కాగితం మీద ఏం రాస్తావో చెప్పు."

"నాన్నా," అంది హిల్లా. "బన్ను. బన్ను. బన్ను."

పరీక్ష అయ్యాక యాలకుల బన్ను పెడతానని యౌని మాటిచ్చాడు. ఆ మాట మాత్రం పిల్ల మరిచిపోలేదు. అతను ఒకటి తెచ్చి చిన్న ముక్కలు చేసి ఆమె చేతిలో పెడుతుంటే ఇర్యా కాగితం మడిచి సంచీలో పెట్టుకుని, ఇంకేమీ చెప్పకుండా బయల్దేరింది.

రెండు రాత్రులు ఆ కాగితం ఆమె ఇంట్లో బల్ల మీదే ఉంది. ఎనిమిది గడులూ నింపేస్తే అడిగేవాళ్ళు లేరు. అక్కడ ఆ వంటింట్లో ఉన్నది ముగ్గురే. వచ్చే ఏడు ఆమె రిటైరవుతుంది కూడా. కానీ బడిలో టీచరు మర్నాడే చెంచా చేతికిచ్చి అడుగుతుంది. అప్పుడు అబద్ధం యౌని మెడకి చుట్టుకుంటుంది. చివరికి ఆమె గడులు ఖాళీగా వదిలి, కింద తన మాటల్లో రాసింది: పాప గత రెండున్నర నెలల్లో ఎనిమిది మాటలు ఒక వరసలో కొత్తగా నేర్చుకుంది. ఆ మాటలకూ వస్తువులకూ సంబంధం తెలియడం లేదు. అయినా ఇది నేర్చుకోవడమే. నేర్చుకోగల పిల్లకి బడి ఉండాలి.

మే నెలలో బడి స్టాఫ్ రూములో కూర్చున్నారు. మునిసిపాలిటీ తరఫున రైయా వచ్చింది. విద్యాశాఖలో ఇలాంటివన్నీ తేల్చేది ఆమే. చెడ్డ మనిషి కాదు. ఇర్యా రాసింది రెండుసార్లు చదివింది. బల్లకి ఒక పక్క యౌని, మెర్వి. మెర్వి రాత్రి డ్యూటీ ముగించుకుని నేరుగా వచ్చింది. కళ్ళ కింద నల్లగా ఉంది.

"వరస అప్పజెప్పడం నేర్చుకోవడమంటావా ఇర్యా?" అని అడిగింది రైయా. "అర్థం తెలీకుండా?"

"నీకూ నాకూ ఎనిమిది మాటలంటే ఏం లెక్క? ఆ పిల్ల బుర్రకి అది పెద్ద కొండ ఎక్కినట్టే. జనవరిలో లేనిది మార్చిలో ఉంది."

"ఇప్పుడు ఉందా?"

ఇర్యా యౌని వైపు చూసింది. అతను బల్ల వైపు చూస్తూ అన్నాడు: "నాలుగు ఉన్నాయి. మూర్ఛ వచ్చింది మొన్న. తర్వాత నాలుగు."

రైయా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "బడిలో ఎత్తి దించే సాయం లేదు. మూర్ఛ వస్తే చూసుకునే నర్సు లేదు. ఉన్న ఒక్క టీచరు ఆరుగురు పిల్లల్ని చూసుకోవాలి. మీరు నన్ను తిట్టుకుంటారు, నాకు తెలుసు."

"తిట్టుకోం," అంది మెర్వి. ఆ గదిలో ఆమె మాట్లాడింది అదే మొదటిసారి. "పంపించెయ్యండి."

"మెర్వీ!" అన్నాడు యౌని.

"ఇంక చాలు యౌనీ. పొద్దున్న లేవగానే అడుగుతావు, రాత్రి పడుకోబోయే ముందు అడుగుతావు. అది నిద్రలో ఉలిక్కిపడి కప్పు కప్పు అంటోంది. నువ్వు పక్క గదిలో గురకపెడతావు, నేను వింటాను. దాన్ని ఏమీ అడగని చోటు ఒకటి ఉంటే అక్కడికి పోనీ."

యౌని కుర్చీ వెనక్కి తోసి లేచాడు. ఎవరినీ ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. కిటికీలోంచి చూస్తే బండి దగ్గర నిలబడి ఉన్నాడు. మెర్వీని ఇంటికి తీసుకెళ్ళాల్సింది అతనే, అందుకని వెళ్ళిపోలేదు. ఆమె కాగితాల మీద సంతకాలు పెట్టి బయటికొచ్చేదాకా వానలో అలాగే నిలబడ్డాడు.

ఆగస్టు నుంచి హిల్లా టాక్సీలో కేంద్రానికి వెళ్ళి వస్తోంది. పోవడానికి గంటా పావు, రావడానికి గంటా పావు. అక్కడ నిజంగానే శుభ్రంగా చూసుకున్నారు. ఏమీ అడగలేదు. రెండు నెలలు తిరిగేసరికి హిల్లా అడగడం కూడా తగ్గిపోయింది. బన్ను కావాలని కూడా అడగడం మానేసింది. పెడితే తింటుంది.

అక్టోబరులో మళ్ళీ అంచనా వేయాల్సి వచ్చింది. ఇర్యా ఇంటికే వెళ్ళింది. ఈసారి యౌని పాత చొక్కాలోనే ఉన్నాడు. వారానికి మూడు రోజులే పనికి పోతున్నానన్నాడు. హిల్లా వంటింటి బెంచీ మీద దుప్పటి కప్పుకుని నిద్రపోతోంది. టాక్సీ ప్రయాణం ఆమెను పిండేస్తోంది.

"లేపనా?" అన్నాడు యౌని.

"వద్దు."

"మరి ఫారం?"

"నువ్వు చెప్పు, నేను రాసుకుంటా. మేజోళ్ళు?"

"లేదు."

"చెంచాతో తినడం?"

"చెయ్యి పట్టుకుంటే."

"తనంతట తను ఏదైనా కావాలని అడగడం?"

అతను బెంచీ వైపు చూశాడు. "లేదు," అన్నాడు. "రాసేయ్, లేదని."

ఆమె రాసింది. ఫారంలో చివరి వరసకి 'వచ్చే ఆరు నెలల్లో సాధించవలసినవి' అని పేరు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ వరస ఖాళీగా వదిలింది లేదు. ఏదో ఒకటి రాస్తుంది, చిన్నదైనా సరే. పెన్సిల్ అక్కడ ఆగింది.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు," అన్నాడు యౌని. "ఇంక ఏవి పోతాయి? ఏది ముందు, ఏది తర్వాత? డాక్టర్నడిగితే ఒక్కో పిల్ల ఒక్కోలా అంటాడు. జబ్బు పేరు తెలిసినప్పట్నించీ నువ్వు దీనికోసం పుస్తకాలు తెప్పించుకుని చదివావని మెర్వి చెప్పింది. నాకు ముందే తెలియాలి. ప్రతిసారీ దొంగదెబ్బ తినడం నావల్ల కాదు."

తల్లిదండ్రులకి అలాంటి మాట ఆమె ఎన్నడూ చెప్పలేదు. రేపు ఏం వస్తుందో చెప్పడమే ఆమెకు తెలిసిన పని. ఒకసారి ఇదే మనిషికి చెప్పి ఏం చేసిందో కూడా గుర్తుంది. అయినా చెప్పింది. ముందు నడక, అన్నది. ఇప్పుడే అడుగులు చిన్నవైపోయాయి, ముందుకి తూలుతోంది, ఏడాదిలోనో ఏడాదిన్నరలోనో కుర్చీలో కూర్చోబెట్టాల్సి వస్తుంది. మాట ఆ లోపే పోవచ్చు. తర్వాత మింగడం. కడుపులోకి గొట్టం వెయ్యాల్సి వస్తుంది. ఇరవై దాటిన కొన్నేళ్ళ దాకా... ఆ మాట పూర్తి చేయలేదు. అతను తలూపాడు.

"మమ్మల్ని గుర్తుపట్టడం?"

"అది ఎవరూ కొలవలేదు యౌనీ. కొలవడం ఎలాగో నాకు తెలీదు."

అతను లేచి కాఫీ పోశాడు. ఇద్దరూ తాగారు. తర్వాత యౌని ఉన్నట్టుండి, "ఆవిరి గది తలుపు అరవై అయిదు సెంటీమీటర్లే ఉంది," అన్నాడు. "కుర్చీ పట్టదు. దానికి శనివారం సౌనా ఆవిరి స్నానం లేకపోతే ఎలా? మూడు నెలల పిల్లగా ఉన్నప్పటినించీ లోపలికి తీసుకెళ్తున్నాం."

"ఎంత కావాలి?"

"తొంభై. గోడ కొయ్యాలి. మంచు పడకముందే అయిపోతే మంచిది."

ఇద్దరూ పెరట్లోకి వెళ్ళారు. ఇర్యా టేపు ఒక కొస పట్టుకుంది, యౌని పెన్సిల్‌తో ఆవిరి గది గోడ దుంగల మీద గీతలు గీశాడు. ఆ పని అయ్యేసరికి అయిదు దాటింది, వెలుగు తగ్గిపోయింది. ఆమె ఫారంలో చివరి వరస ఖాళీగానే ఉంచి సంతకం పెట్టి వెళ్ళిపోయింది.

మరుసటి వసంతంలో ఇర్యా రిటైరైంది. మోయిలనెన్ వాళ్ళింటికి ఇంక వెళ్ళాల్సిన పని లేకపోయింది. ఒకటి రెండుసార్లు వెళ్దామనుకుంది. ఫారం లేకుండా వెళ్ళి ఆ బల్ల దగ్గర కూర్చుని ఏం మాట్లాడాలో తోచక మానేసింది. హిల్లా నడక ఆ ఏడు ఆగస్టులోనే ఆగిపోయిందని, ఇర్యా చెప్పినదానికన్నా ముందే ఆగిపోయిందని ఎవరో చెబితే విన్నది.

నవంబరులో దుకాణంలో మెర్వి కనపడింది. బుట్టలో పాలు, గుజ్జుగా చేసిన కూరగాయల డబ్బాలు ఉన్నాయి. ఇద్దరూ పక్కకి జరిగి నిలబడ్డారు.

"సౌనా తలుపు బాగా పనికొస్తోంది," అంది మెర్వి. "ప్రతి శనివారం యౌని ఎత్తుకుని కింది బెంచీ మీద కూర్చోబెట్టుకుంటాడు. పొయ్యి మీది వేడి రాళ్ళ మీద నీళ్ళు పోస్తే ఆ చప్పుడికి దాని ఒళ్ళు కాస్త వదులవుతుంది."

"మాట?"

"లేదు. జూన్ నించీ లేదు."

ఇర్యా అడగకూడదనుకుంటూనే అడిగింది. "యౌనీని గుర్తుపడుతోందా?"

మెర్వి బుట్ట ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"తెలీదు ఇర్యా," అంది. "మేం పరీక్షించి చూడటం మానేశాం." ఆపైన, రెండింటికి డ్యూటీ ఉందనీ, అంతకుముందే హిల్లాకి తినిపించాలనీ, తినిపించడానికి ఇప్పుడు గంట పడుతోందనీ చెప్పి, డబ్బు కట్టే చోటికి నడిచింది.